చివరి వరుసలోని అంకె

ఇంటి నుంచి,
జనవరి 12

తమ్ముడికి,

నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. నువ్వు ఎత్తినా ఈ ఇంట్లో ఫోను మాట్లాడటం కష్టమే. గంట మోగితే చాలు, పిచ్చుక చెవులు మూసుకుని మంచం కిందికి దూరుతోంది. నీ మేనకోడలు ఇప్పుడు పదేళ్ల పిల్ల, మంచం కింద పట్టడం కూడా లేదు. అందుకే గంట ఆపేసి, ఫోను మీద గుడ్డ కప్పి ఉంచాను.

కబురేమిటంటే, మీ బావ కుర్చీ నాకిచ్చారు. అంబులెన్సు పిలుపుల కేంద్రంలో, అదే గది, అదే బల్ల. పెళ్లికి ముందు చదివి అటకెక్కించిన ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పదమూడేళ్ల తర్వాత దుమ్ము దులుపుకుని కిందికి దిగింది. పెద్దసారు మంచివాడే కానీ నన్ను చూస్తే ఆయనకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అందుకని పని చెప్పేటప్పుడు కిటికీ వైపు చూసి చెబుతాడు. ఈ వారం కిటికీకి చెప్పిన పని ఇది: పిలుపుల్ని దారి పట్టించే రౌటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది, ముందు పరీక్షల గదిలో ఉన్న పాత రౌటర్ మీద పెట్టి చూడమ్మా అని.

పెట్టాను. లేచేటప్పుడు కొత్తదాంతో లేవమని దాని ఆదేశాల్లో ఒక వరుస కూడా రాశాను. ఆపి వెలిగిస్తే మళ్లీ పాతదాంతోనే లేచింది. మూడుసార్లు అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టుంది దాని వ్యవహారం. నువ్వు మీ బావ దగ్గర ఐదేళ్లు పని నేర్చుకున్నవాడివి. అసలు రౌటర్ ఎలా లేస్తుందో మొదటినుంచి రాయి. తొందర తొందరగా రాయకు. మీ బావ నిన్ను తొందరయ్య అని ఊరికే పిలవలేదు.

పిచ్చుక సంగతి. నిరుటి ఆ ఆదివారం గురించి అది ఇప్పటికీ మాట్లాడదు. మీ బావ హాల్లో కూలిపోయినప్పుడు నేను ఆయన గుండె మీద చేతులతో నొక్కుతూ, దాన్ని ఫోను చేయమన్నాను. ఆరుసార్లు చేసింది, ఒక్కసారీ కలవలేదు. ఆఫీసులో లైను ఆగిన వేళలు మీరు రాసే పుస్తకంలో చూశాను, ఆరోజు కరెంటు పోయి లైను ఆగింది నాలుగు నిమిషాలేనట. మరి పిచ్చుక ఇరవై నిమిషాలు నొక్కింది కదా. కంగారులో నంబరు తప్పు నొక్కిందనే అనుకుంటున్నాను. అది కూడా అదే అనుకుంటోంది. మా నాన్నను నా వేళ్లే చంపాయి అని పక్కింటావిడతో అన్నదట. నాతో అనలేదు.

మీ అక్క

*

అద్దె గది నుంచి,
జనవరి 25

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావ కుర్చీలో నువ్వు కూర్చోవడం మంచిదే అనిపించింది. ఆ కుర్చీ ఎడమ చెయ్యి ఊగుతుంది, జాగ్రత్త. అడుగున కాగితం మడిచి పెట్టుకో.

రౌటర్ లేవడం మనిషి లేవడం లాంటిదేనని చెప్పేవాడు బావ. కరెంటు రాగానే ముందు కాళ్లూ చేతులూ ఉన్నాయో లేవో చూసుకుంటుంది. తర్వాత తన ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడుందో వెతుక్కుంటుంది. అది ఫ్లాష్ అనే చోట ఫైలుగా ఉంటుంది, దాన్ని తెచ్చుకుని విప్పుకుంటుంది. ఆఖరున, మనం దాచి ఉంచిన అమరికలు చదువుకుంటుంది. నేను ఎవరిని, నాకు ఏ లైను ఎటు కలిసింది, ఏ పిలుపు ఎవరికి పంపాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

నీ చిక్కు చిన్నది. దేనితో లేవాలో చెప్పే వరుసల్ని అది పై నుంచి కిందికి చదువుతుంది. పనికొచ్చే మొదటి వరుస దొరకగానే అక్కడితో ఆగిపోతుంది. నువ్వు కొత్తగా రాసిన వరుస అడుగున చేరింది, పాతది పైనే కూర్చుంది. పాతది బాగానే పనిచేస్తుంటే కిందికి ఎందుకు చూస్తుంది? ముందు పాత వరుసను కొట్టేయ్. తర్వాత కొత్త వరుస రాయి. దాని కింద మళ్లీ పాతదాన్ని రాయి, కొత్తది మొరాయిస్తే ఆదుకోవడానికి. పాత ఫైలును మాత్రం చెరపకు. అది పోయి కొత్తదీ చెడితే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అది మాటలు రాని మొద్దులా తెర మీద ఒక గీత చూపించి కూర్చుంటుంది. అన్నీ రాశాక దాచడం మరిచిపోకు. దాచకుండా ఆపితే రాసిందంతా గాలికి పోతుంది.

ఇంతే. ఇంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడ పని ఎక్కువ. గది చిన్నది, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. వంట నేనే చేసుకుంటున్నాను, నవ్వకు.

పిచ్చుకను అడిగానని చెప్పు. చిన్నపిల్ల కదా, కాలం గడిస్తే మరిచిపోతుంది. దాన్ని ఎక్కువగా గుచ్చి గుచ్చి అడగకు.

తమ్ముడు

*

ఆఫీసు నుంచి, భోజనం వేళ,
ఫిబ్రవరి 8

తొందరయ్యకు,

లేచింది! పాత వరుస కొట్టేసి, కొత్తది పైన, పాతది కింద పెట్టి, దాచి, ఆపి, వెలిగించాను. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో చక్కగా లేచి కూర్చుంది. నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. పిలుపులు అందుకునే హలో అత్త పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా, ఎవరైనా పోయారా?" అంది. ముప్పై ఏళ్లుగా అదే పనిలో ఉంది పాపం, చప్పుడు వినిపిస్తే ఆమెకు తట్టేది అదొక్కటే. ఆమె అసలు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ గదిలో నవ్వడం నాకు అదే మొదటిసారి, నవ్వాక తప్పు చేసినట్టు అనిపించింది.

ఒక సందేహం. లేచాక దాని వివరాలన్నీ చూపించమంటే ఒక పేజీ నిండా చూపించింది కదా. అందులో చివరి వరుసలో ఒక అంకె ఉంది, 2102 అని. అదేమిటి? ఎలా లేవాలో దాన్ని చూసే తెలుసుకుంటుందని పెద్దసారు కిటికీతో అన్నాడు. కాళ్లూ చేతుల దగ్గర్నుంచి అంత వివరంగా రాసినవాడివి దీన్నెలా వదిలేశావు?

ఇంకో మాట. నువ్వు మరిచిపోతుందన్నావు. మొన్న బడిలో "ఇంట్లో ఎవరికైనా ప్రమాదం జరిగితే నువ్వు ఏం చేస్తావు?" అని ఒక పేజీ రాయమన్నారట. టీచరు నన్ను పిలిచి ఆ పేజీ చూపించింది. "నంబరు చూసి మెల్లగా నొక్కాలి. నంబరు చూసి మెల్లగా నొక్కాలి." పేజీ మొత్తం అదే. ఇరవై మూడుసార్లు. చివరి వరుసల్లో పెన్సిలు ముక్కు కాగితాన్ని చించేసింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు. ఆరోజు అది ఐదోసారి కలవలేదని అన్నప్పుడు నేను దాని మీద అరిచాను. "నంబరైనా సరిగ్గా నొక్కడం రాదా నీకు?" అన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎవరి మీద కోపమో పిల్ల మీద చూపాను. ఆరోసారి అది ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కింది. నేను విన్నాను కూడా. సరిగ్గానే చదివింది. తర్వాత ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది. నాలుగు నిమిషాలే అని పుస్తకంలో ఉంది కదా మరి.

మీ అక్క

*

అద్దె గది నుంచి,
ఫిబ్రవరి 27

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఇక్కడ తీరిక లేదు.

ఆ అంకె గురించి నీకు ఇప్పుడు అవసరం లేదు. 2102 ఉందంటే అంతా బాగున్నట్టే. దాన్ని ముట్టుకోకు. బావ నోటుబుక్కు అక్కడే ఉంటే పెద్దసారుకు ఇచ్చేయ్, అందులోవన్నీ పాతకాలం సంగతులు, చదివితే అయోమయం తప్ప ఏమీ మిగలదు.

పిచ్చుకకు రంగు పెన్సిళ్లు పంపుతున్నాను. నలభై ఎనిమిది రంగులు. దానికి ఆకుపచ్చ ఇష్టం కదా, ఇందులో ఆకుపచ్చలే ఆరు ఉన్నాయి.

నువ్వు అరిచినదాని గురించి బాధపడకు. ఆ క్షణంలో ఎవరైనా అరుస్తారు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మార్చి 14

తమ్ముడికి,

పెన్సిళ్లు అందాయి. మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది.

మీ బావ నోటుబుక్కు పెద్దసారుకు ఇవ్వలేదు. నువ్వు ఇచ్చేయమన్నావు కాబట్టే కూర్చుని చదివాను. ఆ అంకె గురించి ఆయన ఒక పేజీ రాసి, చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే దొడ్డిదారి ఒకటుందట. అంకెను 2142గా మారిస్తే రౌటర్ లేస్తుంది కానీ, దాచుకున్న అమరికలు చదవకుండా లేస్తుంది, పాస్‌వర్డ్ కూడా అడగదు. లోపలికి వెళ్లి, అమరికలు మనమే చదివించి, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, అంకెను మళ్లీ 2102 చేయాలి. కింద ఇలా రాశాడు: "ఆఖరి పని మరిచిపోతే ఆరోజు ఏమీ తెలియదు. అన్నీ బాగానే నడుస్తాయి. మళ్లీ ఆరి వెలిగిన రోజు తెలుస్తుంది."

శుక్రవారం పరీక్షల గదిలో పాత రౌటర్ తీగ పీకాను. పెట్టాను. అన్నీ గుర్తున్నాయి. మళ్లీ పీకాను. ఏడుసార్లు పీకాను తమ్ముడూ, ఏడుసార్లూ దానికి అన్నీ గుర్తున్నాయి. కరెంటు పోయినంత మాత్రాన రౌటర్ మరిచిపోదు. లేచి తన పని తాను చేసుకోవడానికి నాలుగు నిమిషాలు చాలు. ఎనిమిదోసారి 2142 పెట్టి పీకాను. లేచి, నువ్వెవరమ్మా అన్నట్టు చూసింది. మొదటి నుంచి అన్నీ చెబుతావా అని అడిగింది. పిచ్చుక సరిగ్గానే నొక్కి ఉంటే, ఆరోజు మన రౌటర్ కూడా ఇలాగే లేచి ఉండాలి.

తర్వాత హలో అత్త దగ్గరికి వెళ్లాను. ఆ ఆదివారం డ్యూటీలో ఉన్నది ఆమేగా. "నాలుగు నిమిషాలేంటమ్మా, ముప్పై ఎనిమిది. గడియారం చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చున్నా. ఒక్క పిలుపు లేదు. మీ తమ్ముడు చెమటలు కక్కుతూ అటూ ఇటూ తిరిగాడు. పుస్తకంలో రాసే పని మాది కాదు కదా, సరిగ్గానే రాసుంటాడనుకున్నా" అంది. ఆమెకు మా ఇంటి నుంచి ఎవరు ఫోను చేశారో, ఎప్పుడు చేశారో తెలియదు. నేనూ చెప్పలేదు.

ఇంకో సంగతి. నేను ఆయన గుండె నొక్కుతున్నప్పుడు అలమరలో ఆయన ఫోను మోగుతూనే ఉంది. పిచ్చుక చూసి, "మామయ్య చేస్తున్నాడు" అంది. "ఉండనీ" అన్నాను. కబుర్లకు చేశావనుకున్నాను. నాలుగుసార్లు చేశావు. ఎందుకు చేశావో నేను నిన్ను ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఈసారి పెన్సిళ్లు పంపకు.

అక్క

*

అద్దె గది నుంచి,
మార్చి 21

అక్కా,

నేనే.

ఆ ఆదివారానికి రెండున్నర నెలల ముందు, నేను రౌటర్ పాస్‌వర్డ్ మార్చాను. మార్చేటప్పుడు తొందరలో ఏదో అక్షరం తప్పు కొట్టాను, రెండుసార్లూ అదే తప్పు కొట్టినట్టున్నాను, మర్నాడు లోపలికి వెళ్లబోతే వెళ్లనివ్వలేదు. బావకు చెబితే పది నిమిషాల్లో అయిపోయే పని. కానీ చెబితే ఏడిపిస్తాడు. ఆ ముందు నెలే ఇంకో తప్పు చేస్తే మీ అందరి ముందూ భోజనాల దగ్గర, "మా తొందరయ్య తలుపు వేసి తాళం లోపల పెట్టే రకం" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. మళ్లీ ఆ నవ్వు పడలేక, మధ్యాహ్నం కొత్త అమరికలకు అని చెప్పి ఐదు నిమిషాలు లైను ఆపడానికి పెద్దసారు అనుమతి తీసుకుని, అసలు సంగతి ఎవరికీ చెప్పకుండా దొడ్డిదారిన వెళ్లాను. 2142 పెట్టాను. లోపలికి వెళ్లాను. అమరికలు చదివించాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టాను, దాచాను. ఇక అంకె ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే బావ టీ కప్పులు రెండు పట్టుకుని వచ్చాడు. తెర మూసేశాను. టీ తాగుతూ ఆయన పిచ్చుక పాట పోటీ గురించి చెప్పాడు. ఆ టీ తర్వాత నేను మరిచిపోయాను. అంతే అక్కా. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని రోజూ అనుకుంటాను.

ఆ ఆదివారం కరెంటు ఒక్క నిమిషం పోయింది. రౌటర్ లేచింది కానీ దానికి ఏమీ గుర్తులేదు. ఖాళీ తెర చూడగానే నాకు అంకె తట్టలేదు. దాచినవన్నీ చెరిగిపోయాయనుకున్నాను. అన్నీ మళ్లీ రాయాలనుకుని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని బావకు ఫోను చేశాను. నాలుగుసార్లు. ఎత్తలేదని విసుక్కున్నాను అక్కా. సెలవు రోజు నిద్రపోతున్నాడని తిట్టుకున్నాను. చివరికి ఆ అంకె చూశాను. దాచినదంతా భద్రంగానే ఉంది. చదవొద్దని దానికి చెప్పింది నేనే. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పటికి ముప్పై ఎనిమిది అయింది. పుస్తకంలో నాలుగు అని రాశాను. రాసిన పది నిమిషాలకు, బావను ఆసుపత్రికి తీసుకెళ్లిన మీ పక్కింటాయన అక్కడి నుంచి ఫోను చేశాడు.

డాక్టరు, "పది నిమిషాలు ముందు తెచ్చి ఉంటే" అన్నప్పుడు నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు నా భుజం మీద తల పెట్టి ఏడ్చావు. అప్పుడే చెప్పాల్సింది. అప్పుడు చెప్పలేదు, దహనం అయ్యాక చెప్పలేదు, ఇక నీ ముఖం చూడలేక ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చేశాను. పిచ్చుక తనదే తప్పనుకుంటోందని నీ జనవరి ఉత్తరంతోనే తెలిసింది. తెలిసీ, మరిచిపోతుందని రాశాను.

దాని వేళ్ల తప్పు లేదు. ఆరుసార్లూ సరిగ్గానే నొక్కింది. అవతల అందుకునే దారే లేదు. దానికి చెప్పు. ఎవరి తప్పో కూడా చెప్పు. ఇదే సంగతి మొత్తం రాసి, సంతకం పెట్టి పెద్దసారుకు ఈరోజే పంపాను. వాళ్లు ఏం చేసినా సరే.

తమ్ముడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు కాగితం ముట్టుకోలేదు. పెద్దసారు నీ కాగితం అందగానే నన్ను పిలిచాడు. ఈసారి కిటికీ వైపు కాకుండా నా వైపే చూసి మాట్లాడాడు. విచారణ ఉంటుందట, నువ్వు రావాల్సి ఉంటుంది. వస్తే ఆఫీసుకే రా. ఇంటికి రాకు.

అంకె మార్చడం మరిచిపోయావు. అది తప్పే, కానీ మనిషి చేసే తప్పు. ఇప్పుడు అదే బల్ల దగ్గర కూర్చుంటున్నాను కాబట్టి నాకది అర్థమవుతుంది, రేపు నేనూ చేయవచ్చు. మీ బావ బతికుంటే నిన్ను నాలుగు తిట్టి, పుస్తకంలో ఉన్నదున్నట్టు నీ చేత రాయించి ఉండేవాడు. కానీ ఏడాది పాటు ఒక పిల్ల తన వేళ్లను తానే అనుమానించుకుంటూ ఉంటే, తెలిసి కూడా ఆరు ఆకుపచ్చ పెన్సిళ్లు పంపావు చూడు, అది నాకు మింగుడుపడటం లేదు. నిన్ను క్షమించానని రాయలేను. నువ్వు నా తమ్ముడివి కావని కూడా రాయలేను. రెండూ ప్రయత్నించాను. ఆయన ఫోను ఎత్తని దాన్ని నేనూ ఉన్నాను కదా. ఒక్కసారి ఎత్తి ఉంటే, బండి నువ్వే పంపించి ఉండేవాడివి. అది నా వాటా, దాన్ని నీకు ఇవ్వను.

పిచ్చుకకు నిన్న మధ్యాహ్నం చెప్పాను. నీ ఉత్తరంలో దానికి అర్థమయ్యేంత చదివి వినిపించాను. ఎవరి తప్పో కూడా చెప్పాను. నువ్వు అడిగావు కాబట్టి.

అది తన వేళ్ల వైపు చూసుకుంది. తర్వాత, "ఆరుసార్లూ సరిగ్గానే నొక్కానా?" అంది.

"ఆరుసార్లూ."

"మరి నువ్వు అరిచావు కదా."

"అరిచాను. తప్పు నాది, నీది కాదు" అన్నాను. దాని కాళ్లు పట్టుకున్నాను. అది కాళ్లు వెనక్కి లాక్కుంది, కోపంతో కాదు, సిగ్గుపడి.

"అయితే అప్పుడు అవతల ఎవరూ లేరా?"

"ఉన్నారు తల్లీ. కూర్చునే ఉన్నారు. నీ పిలుపు వాళ్లదాకా వెళ్లలేదు."

"ఇప్పుడు వెళ్తుందా?"

వెళ్తుందన్నాను. ఆ అంకె నేను రోజూ పొద్దున్నే చూస్తానని చెప్పాను. అది లేచి ఫోను దగ్గరికి వెళ్లి, పైనున్న గుడ్డ తీసింది. నేను ఆపలేదు. ఒక్కో అంకె పైకి చదువుతూ మెల్లగా నొక్కింది. రెండో గంటకే ఎత్తారు. హలో అత్త గొంతు, నాకు హాల్లోకి వినిపించింది.

ఏడాదిగా ఆ మాటలు ఎక్కడ దాచుకుందో, ఒక్కటీ తడబడకుండా చెప్పింది. "మా నాన్న హాల్లో పడిపోయాడు. పిలిస్తే పలకట్లేదు. అమ్మ గుండె మీద నొక్కుతోంది. రెండో వీధి, నీలం గేటు, మేడమెట్లు ఉన్న ఇల్లు. తొందరగా రండి."

"వస్తున్నాం బంగారం, బండి బయల్దేరుతోంది. ఫోను పెట్టకు. నాన్న ఊపిరి తీసుకుంటున్నాడా? చూసి చెప్పు" అంది అవతల గొంతు.

పిచ్చుక తిరిగి నా వైపు చూసింది. నేను దాని చేతిలోంచి ఫోను తీసుకుని, బండి అక్కర్లేదని చెప్పాను.

అక్క